బండి ఎత్తే ముందు టేపు తియ్యండి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతంలో తీరం దాటింది. ఆ వారం అక్కడి తోటల ప్రాంతమైన ఉద్దానంలో బండి నడిపినవాళ్ళెవరూ ఆ దారుల్ని మరిచిపోరు. కొబ్బరి చెట్లు దారికి అడ్డంగా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. జీడిమామిడి తోటల్లో చెట్లు వేళ్ళతో సహా పెల్లగిలాయి. గొడ్డళ్ళు, రంపాలు పట్టుకుని ఊళ్ళవాళ్ళు ముందు నడుస్తుంటే, వెనక మంచినీళ్ళ డబ్బాలతో నా పాత జీపు. నాలుగో చెట్టు దగ్గర తొందరపడ్డాను. మొద్దు పెద్ద లావేం కాదు, ముందు చక్రాలు ఎక్కి దిగిపోయాయి. వెనక చక్రాలు మొద్దు దాకా రానేలేదు, బండి కడుపు దాని మీద కూర్చుండిపోయింది. ఎంత తొక్కినా నాలుగు చక్రాలూ ఇసక తవ్వుకోవడమే. పదిమంది చెయ్యి వేస్తే గాని కదల్లేదు. అవతలి ఊళ్ళో నీళ్ళ కోసం చూస్తున్నవాళ్ళు గంటసేపు అలాగే చూస్తూ ఉండిపోయారు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను, బండి ఎత్తించాలని. కారణం మంచిదే. చేసిన పద్ధతే తప్పు. ఆ తప్పు మీరు చెయ్యకూడదనే ఈ అధ్యాయం.

రెండు నెలల తర్వాత ఒక షెడ్డులో నాలుగు మూలలా, కమాను కట్ట కొసని చాసిస్‌కి కలిపే షాకిళ్ళు పొడుగువి వేయించాను. పాతవాటి కన్నా మూడంగుళాలు పొడుగు. ఒక్క పూటలో పని అయిపోయింది. బండి ఠీవిగా కనబడింది, చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. మూడో రోజు పలాస నుంచి టెక్కలి వెళ్తున్నాను. నందిగాం దగ్గర వంతెన అతుకు మీద చక్రం చిన్నగా ఎగిరింది. అంతే, స్టీరింగు చేతుల్లో నిలవలేదు. ఎడమకీ కుడికీ కొట్టుకోవడం మొదలుపెట్టింది, బానెట్ మొత్తం ఊగింది, పక్కనున్న మా చిన్నాన్న రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకున్నారు. వెనక గ్రానైటు దిమ్మతో లారీ. యాక్సిలరేటరు వదిలేసి, బండి తనంతట తాను నెమ్మదించేదాకా ఊపిరి బిగపట్టాను. రోడ్డు పక్కన ఆగాక కాళ్ళు కూడా వణికాయి.

కాశీబుగ్గలో లారీ కమాన్ కట్టలు కట్టే పెద్దాయన ఒకరి దగ్గరికి బండిని మెల్లగా తీసుకెళ్ళాను. ఆయన జాకీ అడగలేదు, పానా అడగలేదు. ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశారు.

"ఎత్తినారు బాగుంది. సక్రం ఎటు సూస్తందో ఎవులైనా సూసినారా బాబూ?" అన్నారు.

"చూడలేదు మావయ్యా" అన్నాను. నిజంగానే ఎవరూ చూడలేదు. షెడ్డువాళ్ళూ చూడలేదు, నేనూ అడగలేదు.

ఆయన గోడకి ఆనించిన సైకిలు తెచ్చి ముందు ఫోర్కు చూపించారు. ఫోర్కు నిటారుగా ఉండదు, పైభాగం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు ఉంది కాబట్టే హ్యాండిల్ వదిలినా సైకిలు తిన్నగా పోతుంది, మలుపు తిరిగాక చక్రం తనే తిన్నగా వస్తుంది. జీపు ముందు చక్రాలకీ ఆ వాలు ఉంటుంది. దాన్నే కాస్టర్ అంటారు. విల్లీస్ తరం జీపులకి కంపెనీ ఇచ్చిన కాస్టర్ ఇంచుమించు 3 డిగ్రీలే. ఇప్పుడు లెక్క చూడండి. ముందు కమాను కట్టకి రెండు కళ్ళ మధ్య దూరం ఒక మీటరు అనుకుందాం. షాకిల్ ముందు వైపు ఉంది. దాన్ని మూడంగుళాలు, అంటే ఏడున్నర సెంటీమీటర్లు పొడిగిస్తే కట్ట మొత్తం ముందుకి వాలుతుంది. ఆ వాలు 4 డిగ్రీల పైమాటే. ఉన్న మూడూ పోయి వ్యతిరేక దిశలోకి వెళ్ళిపోయింది. ఇంతా చేసి ఇరుసు దగ్గర నాకు దక్కిన ఎత్తు ఒకటిన్నర అంగుళం. షాకిల్ కట్టకి ఒక కొసనే ఉంటుంది కాబట్టి, పెంచిన పొడుగులో సగమే ఎత్తుగా మారుతుంది.

కాస్టర్ పోతే బండి తిన్నగా పోదు, మలుపు తర్వాత స్టీరింగు వెనక్కి రాదు. మరి ఆ భయంకరమైన వణుకు? దానికి కారణం వేరు. పెద్దాయన నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, చక్రాలు నేల మీదే ఉంచి, కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పమన్నారు. తను కింద పడుకుని ఒక్కో జాయింటు మీద వేళ్ళు ఆనించి చూశారు. టై రాడ్ ఎండ్ ఒకటి టిక్కు టిక్కుమంటోంది. కొత్త షాకిల్ బుష్ పక్కకి పావు అంగుళం ఆడుతోంది. బండి ఎత్తకముందు కూడా ఆ టై రాడ్ ఎండ్ అరిగే ఉంది. కాస్టర్ బాగున్నంతకాలం బయటపడలేదు. ఒక లోపాన్ని ఇంకో బలం కప్పిపుచ్చుతుంది, ఆ బలాన్ని తీసేశాక లోపం బయటకొస్తుంది.

అందుకే నా మొదటి సలహా ఇది. ఎత్తు గురించి ఆలోచించే ముందు ఇప్పుడున్న ఎత్తులో బండి ఆరోగ్యం చూడండి. పైన చెప్పిన వేళ్ళ పరీక్షకి ఖర్చు లేదు, ఇద్దరు మనుషులు చాలు. పవర్ స్టీరింగు అయితే ఇంజను నడుస్తూ ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి చక్రాలకి చెక్కలు పెట్టాలి. టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింకు, స్టీరింగు బాక్సు చాసిస్‌కి బిగించిన బోల్టులు, కింగ్ పిన్ను బేరింగులు, కమాను బుష్‌లు. వీటిలో ఏది వదులుగా ఆడినా ముందు అది సరిచెయ్యండి. అరిగిన స్టీరింగు మీద ఎత్తు వెయ్యడం పునాది కుంగిన ఇంటి మీద మేడ కట్టడమే.

రెండోది, ఒక కాగితం తీసి మీ బండి వారంలో ఎక్కడెక్కడ తిరుగుతుందో రాయండి. ఊహించుకున్న దారులు వద్దు, నిజంగా తిరిగినవి రాయండి. మన ప్రాంతంలో నాలుగు రకాల నేల పక్కపక్కనే ఉంది, ఒక్కొక్కటి ఒక్కోటి అడుగుతుంది.

ఉద్దానం తోటల దారి, బారువ నుంచి అక్కుపల్లి దాకా తీరం, అంతా ఇసక. ఇసకలో ఎత్తు మీకు దాదాపు ఏమీ ఇవ్వదు. ఇసక అడిగేది టైరులో తక్కువ గాలి. మామూలుగా 30 పీఎస్ఐ దగ్గర ఉండే గాలిని 15 నుంచి 18కి దించితే టైరు పాదం పొడుగై బండి ఇసక మీద తేలుతుంది. రోడ్డెక్కే ముందు మళ్ళీ నింపడానికి చిన్న గాలి పంపు కావాలి. కూరుకుపోతే చక్రాల కింద కొబ్బరి మట్టలు. వేలకు వేలు పెట్టి ఎత్తించిన బండ్లు తీరంలో దిగబడితే, గాలి తగ్గించిన మామూలు బొలెరో వాటిని దాటి వెళ్ళిపోవడం నేను చూశాను. మీ కాగితం మీద ఎక్కువ ఇసకే ఉంటే ఈ అధ్యాయం ఇక్కడితో ఆపి పంపు కొనుక్కోండి, డబ్బు మిగులుతుంది.

సోంపేట బీల లాంటి తడి నేలలకి గరుకైన టైర్లు కావాలి. ఇరుసుల్లోకి నీళ్ళు పోకుండా బ్రీదర్ గొట్టాన్ని పైకి కట్టుకోవాలి. టెక్కలి గ్రానైటు క్వారీల దారిలో పదునైన రాయి, అక్కడ టైరు పక్క గోడ బలం ముఖ్యం. ఎత్తు నిజంగా పనికొచ్చేది హరిపురం నుంచి మందస మీదుగా మహేంద్రగిరి వైపు ఎక్కే గుట్ట దారుల్లో. రాళ్ళు తేలి, నీటి కోతలు పడి, ఒక చక్రం గుంతలో, ఒక చక్రం బండ మీద ఉంటుంది. తుఫాను తర్వాత పడిన చెట్ల మీద కూడా. ఈ రెండు చోట్లా బండి కడుపు తగులుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోవాలి. స్ప్రింగు పెంచితే లేచేది చాసిస్, కడుపు, బంపర్లు. ఇరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ గుండు ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపేది పెద్ద టైరు ఒక్కటే, అదీ వ్యాసం పెరిగినదానిలో సగం. కొత్త థార్‌లా ముందు చక్రాలు విడివిడిగా ఆడే బండిలో ముందు గుండు చాసిస్‌కే ఉంటుంది కాబట్టి అది లేస్తుంది, వెనకది లేవదు. మీకు రాయి తగులుతున్నది ఎక్కడో ముందు తెలియాలి. కిందికి దూరి గీతలు చూడండి. గీత గుండు మీద ఉందా, కడుపు మీద ఉందా, వెనక బంపరు కింద ఉందా? ఆ గీతలే మీకు ఏం కొనాలో చెబుతాయి.

ఇక సామాన్ల సంగతి. మన దగ్గర తిరిగే బండ్లని మూడు జాతులుగా చూడొచ్చు.

పాత మహీంద్రా జీపులు, మారుతి జిప్సీ: నాలుగు మూలలా కమాను కట్టలు, గట్టి ఇరుసులు. వీటికి ఎత్తు ఇవ్వాలంటే నా ఓటు సరైన వంపుతో చేసిన కొత్త కట్టకే. పాత కట్టకి ఒక ఆకు అదనంగా వేస్తే ఎత్తు వస్తుంది, కానీ బండి బండరాయిలా గట్టిపడుతుంది. పొడుగు షాకిల్ సంగతి చెప్పాను. ముందు ఇరుసు మీద ఇనప దిమ్మెలు పెట్టి ఎత్తడం నేను ఎవరికీ చెప్పను. బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలితిరిగే బలమంతా ఆ దిమ్మె మీదే పడుతుంది. ఏది వేసినా యూ బోల్టులు కొత్తవి కొనండి. ఒకసారి బిగించిన యూ బోల్టు సాగిపోయి ఉంటుంది, దాన్ని మళ్ళీ నమ్మకూడదు. పోయిన కాస్టర్ తిరిగి తేవడానికి ఇరుసుకీ కట్టకీ మధ్య వాలు పట్టీ, అంటే చీల లాంటి ఇనప ముక్క, పెడతారు. 2, 3 డిగ్రీల వరకు పర్వాలేదు. అంతకు మించితే గుండు ముక్కు కిందికి వాలి ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు అరుస్తాయి. కాస్టర్ తెచ్చుకుంటే షాఫ్టు కోణం పోతుంది, షాఫ్టు కాపాడుకుంటే కాస్టర్ పోతుంది. ఎక్కువ ఎత్తు వద్దని నేననడానికి అసలు కారణం ఇదే.

జిమ్నీ: గట్టి ఇరుసులే, పైన చుట్టల స్ప్రింగులు. ఇరుసుని ముందుకీ వెనక్కీ పట్టుకునే కడ్డీలు, పక్కకి జరక్కుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్డు ఉంటాయి. బండి లేస్తే పట్టుకునే కడ్డీలు వాలి కాస్టర్ తగ్గుతుంది, పాన్‌హార్డ్ రాడ్డు ఇరుసుని ఒక పక్కకి లాగేస్తుంది. కాబట్టి స్ప్రింగుతోపాటు కాస్టర్ సరిచేసే బుష్‌లు, పొడుగు మార్చుకునే పాన్‌హార్డ్ రాడ్డు కూడా అదే రోజు లెక్కలో ఉండాలి. తర్వాత చూద్దాం అనుకోవద్దు.

థార్: 2010లో వచ్చిన దానికి ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్లు. 2020లో వచ్చిన దానికి ముందు విడివిడి చక్రాలు, వెనక గట్టి ఇరుసు మీద చుట్టలు. టార్షన్ బారు బోల్టు తిప్పితే ముందు భాగం లేస్తుంది, పైసా ఖర్చు లేదు. కానీ చక్రం కిందికి దిగే దూరం ఆ మేరకు తగ్గిపోయి, గుంతలో దడేలుమంటుంది. కొత్త థార్‌లో స్ప్రింగు పైన స్పేసర్ పెడతారు. స్ప్రింగు కింది చేయి మధ్యలో ఆనుతుంది కాబట్టి అంగుళం స్పేసర్ పెడితే చక్రం దగ్గర అంగుళం కన్నా ఎక్కువే లేస్తుంది. బాల్ జాయింట్లు, డ్రైవ్ షాఫ్టు కీళ్ళు ఆ కోణంలో రోజూ పనిచెయ్యాలి. ఇలాంటి బండిని రెండంగుళాలు దాటి లేపొద్దు.

ఇప్పుడు నాకు ప్రాణమైన భాగం, స్టీరింగు కడ్డీలు.

గట్టి ఇరుసున్న బండిలో స్టీరింగు బాక్సు చాసిస్‌తోపాటు పైకి లేస్తుంది, చక్రాలు కిందే ఉంటాయి. రెండిటినీ కలిపే డ్రాగ్ లింకు ఏటవాలు అవుతుంది. ఏటవాలు కడ్డీకి ఒక గుణం ఉంది. బండి గుంతలో దిగి లేచినప్పుడల్లా అది చక్రాన్ని కొద్దిగా తోస్తుంది లేదా లాగుతుంది. మీరు స్టీరింగు కదపకపోయినా బండి పక్కకి తిరుగుతుంది. జిమ్నీలాంటి బండిలో డ్రాగ్ లింకు, పాన్‌హార్డ్ రాడ్డు రెండూ సమాంతరంగా, ఇంచుమించు ఒకే పొడుగులో ఉన్నంతకాలం ఈ పేచీ ఉండదు. ఇద్దరు కావడి మోస్తూ ఒకే అడుగు వేసినట్టు రెండూ కలిసి పైకీ కిందికీ కదులుతాయి. ఒకదాన్ని దించి రెండోదాన్ని వదిలేస్తే అడుగు తప్పుతుంది. కొందరు డ్రాగ్ లింకుని కదిపే పిట్‌మాన్ ఆర్మ్ ఒక్కటే కిందికి వంగినది వేసి డ్రాగ్ లింకు సరిచేశామంటారు, పాన్‌హార్డ్ సంగతి అడిగితే మాట్లాడరు. అలాంటి చోట డబ్బు ఇవ్వకండి. పనికి ముందూ తర్వాతా ఫోటో తీసి రెండు కడ్డీల మధ్య కోణం మీరే చూడండి. కంటికి తెలిసిపోతుంది.

పిట్‌మాన్ ఆర్మ్‌ని, టై రాడ్డుని గ్యాసుతో వేడిచేసి వంచడం, ముక్క వేసి వెల్డింగు చెయ్యడం మన షెడ్లలో ఇంకా ఉంది. చేసేవాళ్ళు పనిమంతులే కావచ్చు. నేను చేతులు జోడించి చెబుతున్నాను, ఆ పని ఒప్పుకోకండి. కాల్చిన ఇనుము గట్టిదనం పోతుంది, బయటికి కనపడదు, తెగే రోజు ముందుగా చెప్పదు. కాజిల్ నట్టుకి స్ప్లిట్ పిన్ను పాతది వాడనివ్వకండి. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకె అచ్చొత్తి ఉంటుంది. అంకె లేని బోల్టు స్టీరింగు దగ్గరికి రానివ్వకండి.

స్టీరింగు డాంపర్ వేస్తే వణుకు పోతుందని చెబుతారు. పోయినట్టు కనిపిస్తుంది, నొప్పి మాత్ర వేసుకున్నట్టు. నేనైతే పరీక్ష చేసేటప్పుడు ఉన్న డాంపర్ కూడా విప్పించేస్తాను. అది లేకుండా బండి తిన్నగా పోతేనే కడ్డీలు బాగున్నట్టు. ఆ తర్వాత దాన్ని బిగిస్తాను.

మిగతావి త్వరగా చెబుతాను. షాకబ్జర్లు కొత్త ఎత్తుకి తగ్గ పొడుగువి కావాలి. పొట్టివి ఉంచితే చక్రం వేలాడినప్పుడు షాకబ్జరే తాడులా ఆపుతుంది, పూర్తిగా ముడుచుకున్నప్పుడు బంప్ స్టాపు కన్నా ముందు షాకబ్జరు తగలకూడదు. బ్రేకు గొట్టాలు ఇంకా ముఖ్యం. చాసిస్‌ని జాకీ మీద లేపి చక్రాల్ని పూర్తిగా వేలాడదీసి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. గొట్టం బిగుసుకుంటే బండి రోడ్డెక్కకూడదు. హెడ్‌లైట్లు దించుకోండి, ఎదురొచ్చేవాడి కళ్ళలో కొడతాయి.

స్ప్రింగు బలం బరువుని బట్టి ఎంచుకోవాలి. పలాసలో జీడిపిక్కల బస్తా 80 కిలోలు. వారానికి నాలుగు రోజులు ఐదు బస్తాలు వేసేవాడికి 400 కిలోలు మోసే వెనక స్ప్రింగు కావాలి. ఆదివారం భార్యాబిడ్డలతో బారువ తీరానికి వెళ్ళేవాడు అదే స్ప్రింగు వేస్తే పిల్లల నడుములు విరుగుతాయి, చక్రం నేల మీద నిలవక పట్టు కూడా పోతుంది. "ఎవరికో బాగుందట" అని కొనకండి. ఆ ఎవరో ఎంత బరువు వేస్తాడో అడగండి.

చట్టం మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన కొలతలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణలో అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. బీమా కంపెనీ కూడా ప్రమాదం తర్వాత ఈ ప్రశ్నే అడుగుతుంది. కాబట్టి ఏది చెయ్యాలన్నా ముందు ఆర్టీవో కార్యాలయంలో అడిగి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి కదలండి. కంపెనీ ఎత్తులోనే ఉంచి బుష్‌లు, షాకబ్జర్లు, టైర్లు కొత్తవి వేసుకున్నా చాలామందికి కావలసింది దొరుకుతుంది. బండి ఎత్తు పెరిగే కొద్దీ మలుపులో ఒరిగే గుణమూ పెరుగుతుంది. మన ఏజెన్సీ దారుల్లో జీపుల్లో మనుషులు ఎలా కిక్కిరిసి ఎక్కుతారో మీకు తెలుసు. వాళ్ళని ఎక్కించుకునే బండి అయితే దాన్ని ఎత్తకండి.

తీరం బండికి ఇంకో శత్రువు ఉప్పు. ఇసకలోంచి వచ్చిన రోజే అడుగుభాగాన్ని మంచినీళ్ళతో కడగాలి. ఉద్దానంలో మంచినీళ్ళ విలువ నేను చెప్పనక్కర్లేదు. అన్ని నీళ్ళు లేకపోతే తడిగుడ్డతో జాయింట్ల రబ్బరు టోపీలు తుడిచి, చిరిగాయేమో చూసి, గ్రీజు కొట్టుకున్నా చాలు. టోపీ చిరిగిన బాల్ జాయింటులోకి సన్న ఇసక దూరితే ఒక్క వానాకాలంలో అయిపోతుంది.

నా జీపుకి చివరికి ఏం చేశామంటే, పొడుగు షాకిళ్ళు తీసేశాం. మొదటి కొలతలోని పొట్టి షాకిళ్ళే మళ్ళీ వేశాం, వాటికి కొత్త బుష్‌లు. ఒకటిన్నర అంగుళం వంపు ఎక్కువున్న కొత్త కట్టలు, 2 డిగ్రీల వాలు పట్టీలు, కొత్త టై రాడ్ ఎండ్లు, పొడుగు బ్రేకు గొట్టాలు. దక్కిన ఎత్తు ముందు దక్కినంతే. పట్టిన సమయం ఒక పూట బదులు మూడు రోజులు. పని మొదలుపెట్టే ముందు పెద్దాయన చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు మూలలా టేపుతో కొలిచి, సుద్దముక్కతో గోడ మీద రాశారు. అయ్యాక మళ్ళీ కొలిచి పక్కనే రాశారు. కుడి వెనక మూల అర అంగుళం తక్కువ వచ్చింది. కట్ట మళ్ళీ విప్పారు.

వంద కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించడానికి రమ్మన్నారు. వెళ్ళాను. పానా వేస్తే ఐదు నట్లు పావు చుట్టు తిరిగాయి. తర్వాత ఆయనే పక్క సీట్లో కూర్చుని హరిపురం దాకా నడపమన్నారు. మందస వైపు మలుపు తిరిగాక, "సేతులు వదలకు, ఊరికే సడలించు" అన్నారు. వేళ్ళు సడలించాను. స్టీరింగు చక్రం అరచేతుల కింద మెల్లగా జారుతూ తనంతట తాను తిన్నగా వచ్చి ఆగింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇప్పుడు బేరం సెప్పుకుందాం" అన్నారు.